ఎఱుగని పాత్రధారి: ఆటపట్టింపు చిత్రములందలి హాస్యమును గూర్చి

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున ఒక కథ కలదు. బ్రహ్మ నాట్యవేదమును సృజించి భరతున కొసగగా, ఆ ముని తన నూర్గురు కుమారులతో ఇంద్రధ్వజోత్సవ సమయమున మొదటి ప్రయోగమును గావించెను. అందలి ఇతివృత్తము దేవతలచేత అసురులు ఓడుట. సభలో దైత్యులును కూర్చుండి యుండిరి. తమ యోటమిని తమ యెదుటనే ఆడి చూపుచుండగా వారు సహింపలేకపోయిరి. విరూపాక్షుడు మున్నగువారు విఘ్నులను పురికొల్పి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో విఘ్నులను చావమోదుట, ఆ దండమునకు జర్జరమను పేరు కలుగుట, నాట్యగృహము నిర్మింపబడుట తర్వాతి కథ. మాకు ముఖ్యమైనది దైత్యులను అనునయించుచు బ్రహ్మ చెప్పిన సమాధానము. రంగముమీద కనబడువాడు ఫలానా దైత్యుడు గాడు, ఫలానా దేవుడును గాడు, అది లోకస్వభావమే యని ఆ మాటల తాత్పర్యము. ఆ గ్రంథము తుదిని మఱియొక కథ వచ్చును. భరతపుత్రులు విద్యామదమున ఋషులను వెక్కిరించుచు గ్రామ్యమైన ప్రయోగమొకటి చేసి వారిచేత శపింపబడిరి. మొదటి కథలో నాట్యమును తప్పుగా నర్థము చేసికొన్నవారు ప్రేక్షకులు. కడపటి కథలో తప్పు నటులదే. వారు లోకస్వభావమును విడిచి యెదుటనున్న మనుష్యులను పట్టుకొనిరి.

ఈ రెండు కథలను నాట్యోత్పత్తిచరిత్రగానో నటవర్గముయొక్క సాంఘికస్థితికి నిదర్శనముగానో పండితులు చర్చించుట పరిపాటి. హాస్యరసవిచారమునకు ఇవి యెంత యుపకరించునో మాకు తెలిసివచ్చినది మాత్రము గ్రంథములవలన గాదు, ఒక ఆంగ్లచలనచిత్రమువలన. నేడు ప్రాంకు చిత్రములని పిలువబడుచున్న ఒక జాతి చలనచిత్రములు కలవు. వీనిని మేము ఆటపట్టింపు చిత్రము లనుచున్నాము. వీనిలో ఒకరిద్దరు నటులు కల్పితపాత్రలను ధరించి నిజమైన వీథులలోనికి, దుకాణములలోనికి, ఇండ్లలోనికి ప్రవేశింతురు. అక్కడివారికి అది నటనయని తెలియదు. వారి కలవరమును, కోపమును, మర్యాదను, మౌఢ్యమును కెమెరా పట్టుకొనును. పిమ్మట దానిని కూర్చి కథగా మనకు చూపుదురు. మన మెఱుగుదుము, వారెఱుగరు. ఈ భేదమే యిందలి హాస్యమునకు మూలధనము.

ఈ జాతికి పూర్వచరిత్ర కొంత కలదు. అమెరికాలో ఆలెన్ ఫంట్ అనునాయన 1947లో రహస్యముగా మైక్రోఫోనును దాచి రేడియో కార్యక్రమ మొకటి నడపి, 1948లో దానినే టెలివిజనునకు మార్చెను. అదియే ‘కాండిడ్ కెమెరా’. 1962లో వచ్చిన ఒక ఘట్టము నేటికిని మనస్తత్వశాస్త్ర తరగతులలో చూపబడుచుండును. లిఫ్టులో నిలిచినవారందఱు ముందే యనుకొని తలుపునకు వీపు త్రిప్పి నిలువగా, ఏమియు నెఱుగని క్రొత్తవాడు తానును మెల్లగా వెనుకకు తిరుగును. ఫంట్ 1970లో ఈ పద్ధతినే పూర్తినిడివి చలనచిత్రముగా గూడ తీసెను. ఆయనను గూర్చి ఒక ముచ్చట కలదు. 1969 ఫిబ్రవరిలో ఆయన ప్రయాణించుచున్న విమానమును దుండగులు క్యూబాకు మరల్చిరి. తోడి ప్రయాణికులలో కొందఱు ఆయనను గుర్తుపట్టి, ఇది ఆటపట్టింపేయని తలచి, భయపడుటకు మాఱు సంతోషించిరట. ఇరువదియేండ్లు లోకమును నవ్వించినవానికి నిజముగా ఆపద వచ్చినపుడు లోకము నవ్వినది! మన దేశమున ఇట్టి టెలివిజను కార్యక్రమమునకు ‘బకరా’ యని పేరు పెట్టిరి. తెలుగువారును మోసపోయినవానిని బకరా యనుచునే యున్నారు. ఆ మాటలోని మేక యే మేకయో, దాని నెక్కడికి తోలుకొనిపోవుదురో వాడువారు తలచుకొనుట యరుదు.

ఇక శాస్త్రము. హాస్యమునకు విభావములు వికృతవేషము, వికృతభాషణము, వికృతచేష్ట మున్నగునవి. తాను నవ్వుట ఆత్మస్థము, ఇతరులను నవ్వించుట పరస్థము. స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు భేదములను ప్రకృతులనుబట్టి చెప్పిరి. ఇవన్నియు తెలిసినవే. వికృతవేషము వేసికొనిన నటుని చూచి నవ్వునపుడు మన నవ్వు ఎవనికిని తగులదు. ఏలనన ఆ నవ్వునకు ఆలంబనమైనవాడు లోకమున ఎక్కడను లేడు. భట్టనాయకుడు సాధారణీకరణమన్నది ఇదియే. అభినవగుప్తుడు ఏడు రసవిఘ్నములను లెక్కించుచు, భావము ‘నాది’ యనియో ‘ఫలానావానిది’ యనియో దేశకాలవిశేషములతో ముడిపడిపోవుటను వానిలో నొకటిగా జెప్పెను. అట్టి ముడి పడినచో రసమునకు బదులు లౌకికమైన సుఖమో, దుఃఖమో, సిగ్గో మిగులును.

స్నాతకోత్తర తరగతిలో కన్యాశుల్కమును చెప్పుచున్నపుడు దీనికి ఉదాహరణము సులభముగా దొరకును. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టుట ఆటపట్టింపు గాక మఱేమి? మన మెఱుగుదుము, లుబ్ధావధానులు ఎఱుగడు. అయినను మనము జంకక నవ్వుదుము. లుబ్ధావధానులు ఎఱుగడు గాని లుబ్ధావధానుల వేషము వేసిన నటుడెఱుగును. ఈ రెండింటి నడుమ నున్న జాగాలోనే మన నవ్వు నిలుచుచున్నది. ఆటపట్టింపు చిత్రమున ఆ జాగా లేదు. మోసపోవు పాత్రయు, మోసపోవు మనుష్యుడును ఒక్కరే.

అయినచో ఈ జాతి చిత్రములన్నియు రసాభాసములేయని త్రోసివేయవచ్చునా? మేము మొదట అట్లే తలచితిమి. ఇపు డట్లు తలచుటలేదు. వీనిని చూచి మే మనేకసారులు మనసారా నవ్వితిమి. నవ్విన పిమ్మట కొన్నిచోట్ల మాత్రమే మనస్సు చివుక్కుమన్నది, తక్కినచోట్ల అనలేదు. మృదుహృదయులకు ఏది చూచినను నొప్పియేయని మిత్రుడొకాయన మమ్ము పరిహసించెను. నొప్పి అంతటను కలిగినచో ఆయన మాట నిజమే. కొన్నిచోట్లనే కలుగుచున్నదనగా దానికి హేతువు మా హృదయమున గాక చిత్రమున నుండవలెను. దానిని వెదకుటకు సాషా బారన్ కోహెన్ నటించి, లారీ చార్లెస్ దర్శకత్వము వహించిన ‘బోరట్’ అను 2006 నాటి చిత్రమును తీసికొందము. ఈ జాతిలో దానికి మించిన ప్రసిద్ధి గలది లేదు. సుమారు ఒక కోటి ఎనుబది లక్షల డాలర్ల వ్యయముతో తీయబడి, లోకమంతట ఇరువదియాఱు కోట్ల డాలర్లు గడించినది.

కథ మిక్కిలి స్వల్పము. బోరట్ కజకస్తాను దేశపు టెలివిజను విలేఖరి. అమెరికాను చూచి నేర్చుకొని రమ్మని ప్రభుత్వము పంపగా బయలుదేరును. అతని స్వగ్రామముతో చిత్రము మొదలగును. బురదవీథులు, శిథిలమైన యిండ్లు, మోటుమనుష్యులు. బోరట్ చిఱునవ్వుతో వారి నొక్కొక్కరిని మనకు పరిచయము చేయును. ఇతడు బలాత్కారములు చేయువాడు, ఈమె ఫలానా సిగ్గుమాలిన వృత్తి చేయునది అని యతడు చెప్పుచుండగా వారు కెమెరావైపు చూచి నవ్వుచుందురు. ప్రథమదర్శనమున మేమును నవ్వితిమి. వారందఱును నటులేయని మా భావన.

వారు నటులు గారు. ఆ యూరు కజకస్తానులో నున్నదియు గాదు. రుమేనియాలో గ్లోద్ అను పల్లె. అచటివారు రోమా జాతికి చెందిన నిరుపేదలు. వారి భాషలో గ్లోద్ అనగా బురద. చిత్రములో బోరట్ మాటలాడునది చాలవఱకు హీబ్రూ. అది కజకు భాష గాదు, గ్లోద్ వారికి తెలిసిన భాషయు గాదు. తమ కష్టజీవనమును గూర్చి డాక్యుమెంటరీ తీయుచున్నారని నమ్మి తా మొప్పుకొంటిమని గ్రామస్థులు పిమ్మట చెప్పిరి. తాము తగిన వేతనమే యిచ్చితిమని నిర్మాణసంస్థ బదులు చెప్పినది. ఒక చేయి లేని గ్రామస్థుని మొండిచేతికి కృత్రిమహస్తమువలె ఒక అసభ్యమైన రబ్బరు వస్తువును తగిలించిరి. అదేమియో తనకు అప్పుడు తెలియదని యతడు పత్రికలవారితో చెప్పుకొనెను. ఇద్దఱు గ్రామస్థులు 2006లో న్యూయార్కున మూడు కోట్ల డాలర్లకు దావా వేసిరి. వ్యాజ్యపత్రమున ఆరోపణలు స్పష్టముగా లేవని న్యాయమూర్తి యభిప్రాయపడగా అది ఫలింపలేదు. 2008లో ఒక డచ్చి దర్శకురాలు ఆ గ్రామమును గూర్చియే డాక్యుమెంటరీ తీసినది.

ఇవన్నియు తెలిసిన పిమ్మట ఆ మొదటి సన్నివేశమును మరల చూచితిమి. నవ్వు రాలేదు. చిత్రమున ఒక్క చట్రమైనను మాఱలేదు, మాఱినది మా యెఱుక. కావ్యమును కావ్యముచేతనే నిర్ణయింపవలెను, బయటి వృత్తాంతములతో విమర్శకునకు పనిలేదు అను సిద్ధాంతము ఇచట నిలువదు. బయటి వృత్తాంతమే ఈ చిత్రములకు ఉపాదానము. వీరు నిజమైన మనుష్యులు, వీరికి తెలియదు అని చాటుకొనియే గదా అవి మనలను పిలుచుచున్నవి! నిజమును పెట్టుబడిగా పెట్టినవాడు నిజము అడ్డువచ్చినపుడు ‘ఇది కళ’ యని తప్పించుకొనరాదు.

ఇదే చిత్రములో రోడియో ఘట్టమును దీనిప్రక్కన పెట్టి చూడుడు. వర్జీనియా రాష్ట్రమున సేలం అను ఊరిలో పశువులను లొంగదీయు క్రీడకు జనులు గుమిగూడియున్నారు. బోరట్ జెండా గుర్తులతో నున్న చొక్కా తొడిగి మైదానము నడుమ నిలిచి, మీ యుద్ధమునకు మా మద్దతు కలదని యనును. జనులు కేకలు పెట్టి హర్షింతురు. అతడు మాటను మఱింత క్రూరముగా, మఱింత నెత్తురుతో నింపి పెంచుకొనిపోవును. కొంతమేరకు హర్షధ్వానము సాగుచునే యుండును, పిమ్మట సన్నగిల్లును. తుదకు వారి జాతీయగీతపు వరుసలో ఏదియో యవాకులు పాడగా తిట్లు లేచును. ఇచట వేషము బోరట్‌ది. జనుల ముఖములు జనులవే. వారు హర్షించిరి, హర్షించుట మానిరి, తిట్టిరి. ఈ మూడును వారు తమంతట చేసిన పనులు. లిఫ్టులో వెనుకకు తిరిగినవాడును అట్లే తానై తిరిగెను. మన నవ్వునకు ఆలంబనము ఆ పని. ఆ పని యెవరైనను చేయదగినది, మనమైనను చేయదగినది. కావున వ్యక్తులు నిజమైనవారేయైనను ఇచట సాధారణీకరణమునకు సందు దొరకుచున్నది.

గ్లోద్‌లో జరిగినది దీనికి పూర్తిగా తలక్రిందులు. అచటివారు ఏ పనియు చేయలేదు. వారు నిలువబడిరి, నవ్విరి. వారిచేత వేషము వేయించినది మాటలు. బలాత్కారియను వేషము, వ్యభిచారిణియను వేషము వారిమీద పడినది. ఆ వేషము మనకు కనబడుచున్నది, దానిని మోయువారికి కనబడుటలేదు. వికృతవేషము హాస్యవిభావమని చెప్పునపుడు నటుడు తన వేషము నెఱిగియుండు నని శాస్త్రము తలచి యుండును. దానిని ప్రత్యేకముగా చెప్పవలసిన యవసరము వచ్చునని యెవరు మాత్రము ఊహింపగలరు? మేము వెదకిన హేతువు ఇదియే. మోసగించుటవలననే చివుక్కుమనుట లేదు. మోసగించువాడు వేషమును తా నుంచుకొన్నాడా, మోసపోయినవాని నెత్తిన పెట్టినాడా యన్నదే యిచట ప్రశ్న.

అన్నిచోట్లను ఈ గీత ఇంత స్పష్టముగా నుండదు. ఆ చిత్రమందలి విందు ఘట్టము దీనికి నిదర్శనము. అమెరికా దక్షిణప్రాంతమున ఒక మర్యాదస్థుల యింట బోరట్ భోజనమునకు కూర్చుండును. వచ్చినవాడు నాగరకత తెలియని పరదేశీయుడని తలచి యింటివారు అతని మోటుతనమును ఓర్చుకొందురు. మరుగుదొడ్డి సంగతి కూడ గృహిణి అసహ్యింపక చెప్పి నేర్పును. ఇంతవఱకు నవ్వు ఎవరిమీద? బోరట్ మీదనేయని పైకి తోచును. కాని ప్రేక్షకుడు ఆ గృహిణి ముఖమునే చూచుచుండును, ఈ సహన మెంతవఱకు సాగునో చూతమని! అతిథిసత్కారమే హాస్యవిభావముగా చేయబడినది. ఆ ముఖమును చూచి నవ్వుచున్నపుడు మాకు లజ్జ కలిగినది. తర్వాత బోరట్ ఒక నల్లజాతి స్త్రీని, వేశ్యావేషధారిణియైన నటిని, పిలిపించును. వెంటనే విందు ముగియును. వారి సహనమునకు హద్దెక్కడనో చూడుడని చిత్రము మనతో ననుచున్నట్లుండును. ఆ హద్దు జాతివలన వచ్చినదా, పిలువని వేశ్య వచ్చుటవలన వచ్చినదా? తెరమీద చూచిన దానినిబట్టి దీనిని మేము నిర్ణయింపజాలము. గంటలకొలది జరిగినదానిని నిమిషములలోనికి కోసి కూర్చినవారికే అది తెలియును. ఎఱుగని పాత్రధారికి కూర్పులో పాలు లేదు. నటుడైనచో తన నటన చెడగొట్టిరని దర్శకునితో పోరాడవచ్చును. ఈ గృహిణి యెవరితో పోరాడును?

కొందఱు న్యాయస్థానముతో పోరాడిరి. మోటారు నడుపుట నేర్పిన ఉపాధ్యాయుడు, మర్యాదలు నేర్పిన బోధకురాలు మున్నగువారు వేసిన దావాలను 2008లో న్యూయార్కు న్యాయస్థానము కొట్టివేసినది. వారందఱును ముందుగనే ఒప్పందపత్రముపై సంతకము చేసియుండిరి. ఆ పత్రమున ‘డాక్యుమెంటరీ తరహా చిత్రము’ అని యున్నది. అట్టి తరహా చిత్రము ఇదియే గదాయని న్యాయమూర్తి తీర్పు. అలంకారశాస్త్రవిద్యార్థికి ఆ ‘తరహా’ యను మాట యాసక్తి గొలుపును. సంతకము చేసినవాడు దానిలో వాచ్యార్థమును చదివెను, వ్రాయించినవాడు మఱియొక యర్థమును దాచుకొనెను. ఆ వ్యంగ్యార్థము చిత్రము విడుదలైన నాడు గాని తెలియరాలేదు. న్యాయశాస్త్రదృష్టితో తీర్పు సరియే కావచ్చును. రసదృష్టితో సంతకము దేనికిని చాలదు.

ఈ సందర్భమున మన పగటివేషగాండ్రు తలపునకు వత్తురు. వారును నాటకశాలను విడిచి వీథిలోనికే వత్తురు. వేషము చూచి నిజమని భ్రమపడి నమస్కరించినవారిని, భయపడినవారిని గూర్చి ఊరూర కథలు కలవు. కాని కొన్నిదినములు వేషములు కట్టిన పిమ్మట వారు సంభావనకై యింటింటికి రావలెను. నిన్న భ్రమపడిన గృహస్థే నేడు వడ్లు కొలిచి యిచ్చును. ఇచ్చుచు తన భ్రమను తానే చెప్పుకొని నవ్వును. మోసపోయినవాడే మెచ్చుకోలు నిచ్చువాడు. అతడు మెచ్చనిచో వేషగానికి కూడు లేదు. ఈ ముఖాముఖి గల కళలో క్రౌర్యము పెరుగుటకు అంతగా వీలులేదు. సినిమా టిక్కెట్టు కొనువారు వేఱు, మోసపోవువారు వేఱు. మధ్య సముద్రములున్నవి.

ఆ లోటును ఈ జాతి చిత్రములే కొంత గుర్తించినట్లున్నది. 2013లో వచ్చిన ‘బాడ్ గ్రాండ్‌పా’, 2021లో వచ్చిన ‘బాడ్ ట్రిప్’ అను చిత్రములలో తుదిని పేర్లు పడుచుండగా, ఎఱుగనివారికి నిజము చెప్పుటయు, వారు విస్తుపోయి నవ్వుటయు చూపబడినవి. కితావో సకురాయి దర్శకత్వమున ఎరిక్ ఆండ్రే నటించిన ‘బాడ్ ట్రిప్’ను మేము బోరట్ కంటె గొప్పది యనజాలము. దానిలో వ్యంగ్యమునకు లోతు తక్కువ, మోటుహాస్యము మితిమీరినది, ఒకటిరెండు ఘట్టములు చూడజాలనంత జుగుప్సాకరములు. అయినను ఒక విశేషము కలదు. చెఱసాల బస్సు క్రిందినుండి పాకుచు వచ్చిన స్త్రీ, గోడ శుభ్రము చేయుచున్న యొక యపరిచితుని సాయమడుగును. అతడు ఆమెను పట్టియిచ్చుటకు తొందరపడడు. ఇట్టి ఘట్టములలో వేషమంతయు నటులది. ఎఱుగనివారు తమ మంచితనముతో తాము కనబడుదురు. మన నవ్వు వారిమీదికి పోబోయి అద్భుతముగా మాఱును. మోసముచేతనే రాబట్టిన మంచితన మది గదాయని యెవరైన అడిగినచో కాదనలేము. కాని ఆ మంచితనమును తెరమీద చూచుకొన్నవాడు సిగ్గుపడవలసిన పనిలేదు.

బోరట్ రెండవ చిత్రము 2020లో వచ్చినది. అందు బోరట్ యూదులను గూర్చి ద్వేషులు కల్పించిన బొమ్మ యెట్లుండునో అట్టి వికారవేషముతో, పొడుగు ముక్కుతో, యూదుల ప్రార్థనాలయమునకు పోవును. నాజీల మారణకాండనుండి బ్రదికి బయటపడిన వృద్ధురాలొకతె అచట కూర్చుండియున్నది. ఆమె ఆ ముక్కును చూచి కోపింపక, అతనిని దగ్గఱకు తీసికొని, తాను కన్నులార చూచినది చెప్పును. చిత్రీకరణమునకు ముందే చిత్రకారులు తమ నియమమునకు భిన్నముగా ఆమెకు నిజము తెలిపిరని వార్తలు వచ్చినవి. చిత్రము విడుదలకు ముందే ఆమె మరణించినది. వారసులు దావా వేసిరి గాని అది నిలువలేదు. చిత్రము ఆమెకు అంకితము చేయబడినది. ఈ సన్నివేశమును మేము అన్నియు ఎఱిగినవారమై రెండవసారి చూచితిమి. మొదటిసారి నవ్విన చోటనే మరల నవ్వితిమి. వేషమంతయు బోరట్ ముఖముననే యున్నది, ఆమె ముఖమున ఆమె తప్ప మఱెవరును లేరు. నిజము ముందు చెప్పినను సన్నివేశమునకు లోటు రాలేదు. పదునాలుగేండ్లకు ముందు గ్లోద్‌లో నిలువబడినవారికి, చేతికి తగిలించిన వస్తువు సంగతి తెలియని ఆ మనుష్యునకు, తమ చిత్రము ఎట్టిదో పత్రికలవారు వచ్చి చెప్పిన పిమ్మటనే తెలిసినదని ఆనాటి వార్తలలో చదివితిమి.